తునికమ్మ అన్న మాట

అనగనగా ఒక అడవి. అక్కడ తిండికి కొదవ లేదు, నీళ్లకి కొదవ లేదు. మాటలకైతే అసలే కొదవ లేదు. ఎందుకంటే ఆ అడవిలో కొండముచ్చుల మంద ఒకటి ఉండేది.

కొండముచ్చంటే తెలుసుగా? నల్ల మొహం, తెల్ల బొచ్చు, బారెడు తోక. కోతి కంటే పెద్దమనిషిలా కనిపిస్తుంది. కనిపిస్తుంది, అంతే.

ఆ మందలో ఏ చెట్టు మీద పుడితే ఆ చెట్టు పేరే పెట్టేవాళ్లు. మందకి పెద్ద మద్దయ్య. ఆయన మద్దిచెట్టు మీద పుట్టాడు. ఆయన తల్లి చింతమ్మ. ఆయన పెళ్లాం తునికమ్మ. ఈ కథ తునికమ్మదే.

పొద్దున్నే మంచు విడిచాక అందరూ బండ మీదకి చేరి పేలు చూసుకునేవాళ్లు. ఎవరు ఎవరికి చూడాలో దానికో వరస ఉంది. ముందు చింతమ్మకి చూడాలి. ఆ వీపు చూసే వంతు తునికమ్మది, ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి లేదు. ఇక తునికమ్మ వీపు కోసం మిగతా ఆడాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకునేవాళ్లు. పేలు చూడటమంటే ఒక్క పేల పనే కాదు మరి. తల వంచినవాళ్లు చెప్తారు, వేళ్లు ఆడించేవాళ్లు వింటారు. ఎవరు పైన, ఎవరు కింద, అన్నీ ఆ బండ మీదే తేలిపోయేవి.

పేల పని అయ్యాక చౌడుగుంటలోకి దిగేవాళ్లు. ఆకులు తిని తిని నోరు చప్పబడిపోతుంది కదా. అక్కడి ఉప్పుమన్ను కాస్త నాలిక్కి తగిలితే గానీ ప్రాణం లేచొచ్చేది కాదు. కానీ కొండముచ్చు బతుకంతా కొమ్మ మీదున్నంతసేపే. నేల మీద దానికి బలం లేదు. ఆ సంగతి చిరుతకీ తెలుసు. అందుకని మంద గుంటలో ఉన్నంతసేపూ పక్కనున్న ఎండుచెట్టు మీద మద్దయ్య కూర్చునేవాడు. ఆ కొమ్మని కావలి కొమ్మ అనేవాళ్లు. చిరుత కనబడితే "ఖ్ఖక్!" అని ఒక్క అరుపు అరిచేవాడు. రెండో అరుపుకి గుంటలో ఎవరూ ఉండేవాళ్లు కాదు.

ఆ అరుపు మగాడే అరవాలి. ఆడది అరవకూడదు.

ఎందుకు అరవకూడదో ఎవరూ అడగలేదు. ఎవరన్నా అడిగితే చింతమ్మ, "మా అత్త అరవలేదు, నేనూ అరవలేదు" అనేది. అదే జవాబు.

అంతా సవ్యంగానే ఉంది. తునికమ్మకి మాత్రం గుండెల్లో గుబులు. మద్దయ్య కళ్లకి పొరలొచ్చాయి.

ఒకరోజు ఆమె ఒక పండు అందిస్తే ఆయన చెయ్యి పక్కకి పోయింది. గాల్లో తడుముకున్నాడు.

"ఎండ కొడుతోంది" అన్నాడు మద్దయ్య.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. తునికమ్మ పండు ఆయన చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా ఎందుకు దాచింది అంటారా? అవతలి కొండ మీద పెళ్లాం పిల్లలు లేని మగ కొండముచ్చుల గుంపు ఒకటి తిరిగేది. ఏ మందలో పెద్ద కుంటివాడయ్యాడా, గుడ్డివాడయ్యాడా అని కాచుకుని కూర్చునేవాళ్లు. తెలిస్తే వచ్చి పడతారు. పెద్దని తరిమేస్తారు. తర్వాత పసిపిల్లల్ని బతకనివ్వరు. వాళ్ల తీరే అంత. తునికమ్మ చిన్నప్పుడు చూసింది. తన తోడబుట్టినవాడు పాలు తాగుతూ తాగుతూనే పోయాడు.

ఇప్పుడు ఆమెకో కూతురు. పేరు రేగి. పాలు మరిచీ మరవని పిల్ల. ఎర్ర మూతి, గుండ్రటి కళ్లు. ఆ కళ్లు ఎంత చురుకంటే ఆకు వెనక ఉన్న పురుగుని కూడా పట్టేసేవి. ఆ పిల్ల బతకాలి. అది బతకాలంటే మద్దయ్యకి చూపు పోయిందన్న మాట బయటికి పొక్కకూడదు. తునికమ్మకి తెలిసిన లెక్క అదొక్కటే.

ఒక పొద్దున మంద చౌడుగుంటలో ఉంది. అందరూ తలలు వంచి మన్ను నాకుతున్నారు. మద్దయ్య కావలి కొమ్మ మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి ఒక అరుపు వినబడింది.

"ఖ్ఖక్! ఖ్ఖక్!"

సన్నటి గొంతు. అయినా కాళ్లకి గొంతుతో పనేముంది? అందరూ చెట్లెక్కేశారు. అప్పుడు కనబడింది, గుంట గట్టు మీద గడ్డిలో చిరుత. ఇంకొక్క దూకు దూరంలో ఉంది. బయటపడిపోయానని తెలిసి అది తోక పైకెత్తుకుని, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ పోయింది.

అరిచింది ఇప్పమ్మ.

ఇప్పమ్మ అంటే మద్దయ్య తమ్ముడి పెళ్లాం, తునికమ్మకి తోటికోడలు. ఆ తమ్ముణ్ణి కిందటి వానల్లో ఇదే చిరుత ఎత్తుకుపోయింది. అప్పట్నించీ ఆమెకి గడ్డి కదిలితే చాలు, తల పైకి లేచేది.

మంద మొత్తం ఊపిరి పీల్చుకుంది. తర్వాత అందరి తలలూ మెల్లగా కావలి కొమ్మ వైపు తిరిగాయి.

"పెద్దాయనా, గట్టు మీదే ఉంది కదయ్యా. నీకు కనబళ్లేదా?" అని ఒక ముసలి కొండముచ్చు అడిగింది.

మద్దయ్య గొంతు సవరించుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం తునికమ్మకి అర్థమైంది. ఇంకాసేపు వీళ్లు ఇలాగే చూస్తే అంతా తేలిపోతుంది. సాయంత్రానికి అవతలి కొండకి చేరిపోతుంది. ఆమె చంకలో రేగి ఉంది. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది.

తునికమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఇప్పమ్మ వైపు వేలు చూపించింది.

"చూశారా దాన్ని! పెద్దాయన అక్కడ కూర్చుని ఉండగా ఆడది నోరేసుకుని అరుస్తుందా? బరితెగించింది!" అంది.

ఆ మాట ఆ మందలో చాలా పాతది. ఎప్పుడో ఎవరో ఆడకొండముచ్చు తన పసిపిల్లని చెట్టు కింద చిరుత తిరిగే చోట పారేసి తన దారిన తను పోయిందట. అప్పుడు ఆమెని ఆ మాట అన్నారట. ఇక హద్దూ లేదు, సిగ్గూ లేదు, దేనికైనా తెగించింది అని చెప్పడానికి. అంత బరువైన మాట. అందుకే దాన్ని ఎవరూ ఊరికే వాడేవాళ్లు కాదు.

తునికమ్మ వాడింది. వాడగానే ఏమైందంటే, మద్దయ్య మీదున్న కళ్లన్నీ ఇప్పమ్మ మీదకి తిరిగాయి. బండ దొర్లినట్టు తిరిగాయి. తునికమ్మకే ఆశ్చర్యం వేసింది. ఒక్క మాటకి ఇంత బలమా అనుకుంది.

"అవునే, ఆడది అరవడమేంటి?" అంది ఒకతె.

"మొగుడు పోయాక దీనికి పగ్గం లేకుండా పోయింది" అంది ఇంకొకతె.

చింతమ్మ తల పంకించింది. "మా కాలంలో అయితే ఇలాంటిదాని తోక పట్టి కింద పడేసేవాళ్లం" అంది.

చచ్చిపోవలసినవాళ్లందరూ బతికి కూర్చుని, బతికించినదాన్ని తిట్టారు. మద్దయ్య అప్పుడు గొంతు పెంచి, "నేను చూస్తూనే ఉన్నా. ఇంకాస్త దగ్గరికి రానిద్దామని ఆగాను. ఇది తొందరపడి చెడగొట్టింది" అన్నాడు. అందరూ "అదీ సంగతి" అన్నారు.

ఆ సాయంత్రం రేగి తల్లి ఒళ్లో పడుకుని అడిగింది.

"అమ్మా, బరితెగించడమంటే ఏంటే?"

తునికమ్మ పసిపిల్లకి ఆ పాత కథ చెప్పలేదు.

"పెద్దాళ్లుండగా నోరు తెరవడం" అంది.

"చిరుతొచ్చినా?"

"పడుకో."

మర్నాటి నించీ బండ మీద ఇప్పమ్మ వీపు ఎవరూ ముట్టుకోలేదు. ఆమె వచ్చి తల వంచి కూర్చుంటే పక్కనున్నవాళ్లు లేచి ఇంకో చోట కూర్చునేవాళ్లు. మనకి ఇది చిన్న సంగతి. కొండముచ్చుకి చిన్నది కాదు. మొహం తడుముకోవచ్చు, పొట్ట గోక్కోవచ్చు. వీపు నడిమధ్యకి చెయ్యి అందదు కదా. అక్కడ పిడుదులు పట్టాయి. రక్తం తాగి రేగుపళ్లంత ఉబ్బాయి. ఆమె చెట్టు మొదలుకేసి వీపు రుద్దుకుంటుంటే పిల్లలు చూసి నవ్వేవాళ్లు.

అయినా ఇప్పమ్మ తల ఎత్తడం మానలేదు. మద్దయ్య ఒకసారి కావలి కొమ్మ మీదే కునుకు తీశాడు. గుర్రు కూడా వినబడింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. "పెద్దతనం, పాపం" అన్నారు. ఇప్పమ్మ మెల్లగా ఆ చెట్టెక్కి, కావలి కొమ్మ పక్క కొమ్మ మీద కూర్చుని నాలుగు దిక్కులా చూడటం మొదలుపెట్టింది. అరవలేదు. ఊరికే చూసింది.

"అదిగో! కావలి చెట్టెక్కింది! దానికి మగాడి పక్కన కూర్చోవాలనిపించిందంట!" అని కింద గోల పుట్టింది.

"బరితెగించింది" అన్నారు అందరూ. ఈసారి తునికమ్మ అనక్కర్లేకపోయింది. మాటకి కాళ్లొచ్చాయి.

"అమ్మా, ఊరికే చూసినా బరితెగించినట్టేనా?" అని రేగి అడిగింది.

"ఎక్కకూడని కొమ్మ ఎక్కితే అంతే" అంది తునికమ్మ.

"మొన్న నోరు తెరవడం అన్నావు."

"అదీ ఇదీ రెండూను. నీకెందుకే ఇవన్నీ?"

ఆ తర్వాత ఇంక ఆ మాటకి హద్దు లేకపోయింది. ఒక పడుచుపిల్ల గట్టిగా నవ్వితే బరితెగించింది. ఇంకొకతె ముందుగా నీళ్లు తాగితే బరితెగించింది. ఒక బాలింత నొప్పికి మూలిగితే, అంత గట్టిగా మూలగాలా, బరితెగించింది. ఏ తప్పు చేసిందో చెప్పక్కర్లేదు. ఆ మాట అంటే చాలు, తప్పు దానంతటదే పుట్టేది. ఆడాళ్లు మెడ తిప్పడానికి కూడా భయపడ్డారు. మగపిల్లల్ని మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు. వాళ్లు గూళ్లు పీకినా, గుడ్లు పగలగొట్టినా, "కుర్రాళ్లు కదా" అనేవాళ్లు.

ఒకరోజు వాగు దగ్గర తునికమ్మ ఒక్కతే నీళ్లు తాగుతుంటే ఇప్పమ్మ ఎదురొచ్చింది. ఒంటి మీద బొచ్చు ఊడిపోయి వీపు పుండ్లు పడి ఉంది.

"అక్కా, ఒక్క మాట" అంది.

"ఎవరన్నా చూస్తారు. చెప్పేదేదో తొందరగా చెప్పు."

"బావగారికి చూపు లేదు. ఆ సంగతి నీకు తెలుసు."

"నోర్ముయ్!" అంది తునికమ్మ.

"ముయ్యడానికేముంది, మూసే ఉంచాను. ఆ రోజే అందరి ముందూ ఆయన గుడ్డివాడని చెప్పగలిగేదాన్ని. చెప్పానా? నీకు పిల్ల ఉందని ఊరుకున్నా. నువ్వు నన్నే అందరి నోళ్లలో పెట్టావు."

"నాకు వేరే దారి లేదే ఇప్పా."

"ఉంది. నా గొంతు నా పాటికి వదిలేస్తే సరిపోయేది. ఆయన కొమ్మ మీద కూర్చునేవాడు, నేను చూసేదాన్ని. పెద్దరికం ఆయనకే ఉండేది. నాకు దాంతో పనేముంది?"

తునికమ్మకి ఆ దారి అప్పటిదాకా తట్టలేదు. తట్టాక ఇంకా కోపమొచ్చింది.

"నాకు బుద్ధులు చెప్పొచ్చావా? నిన్ను అన్నదాంట్లో తప్పు లేదు" అంది.

ఇప్పమ్మ నవ్వింది. అది నవ్వులా లేదు. "నేను వాగు దాటి పోతున్నా అక్కా. నాకేం, పోయేదేమీ లేదు. కానీ ఆ మాట నాతో రాదు. మీ దగ్గరే ఉంటుంది. దానికి రోజూ ఎవరో ఒకరు కావాలి" అంది.

అని వాగు మీద వాలిన కొమ్మ పట్టుకుని అవతలికి దూకింది. తునికమ్మకి బరువు దిగినట్టైంది. ఆ సంగతి తెలిసిన నోరు ఒకటి దూరమైంది కదా.

వాగవతల గడ్డిమైదానంలో దుప్పులు మేసేవి. ఇప్పమ్మ అక్కడ ఒక చెట్టెక్కింది. చిరుత కదిలితే అరిచేది, దుప్పులు పరిగెత్తేవి. ఒకసారి చింతమ్మ ఇవతలి గట్టు నించి ఒక ముసలి దుప్పిని కేకేసి, "ఏమమ్మా, ఆ బరితెగించినదాన్ని పెట్టుకున్నారే?" అని వెటకారంగా అడిగింది.

దుప్పి నెమరు వేస్తూ ఆగింది. "అదేంటో మాకు తెలీదు. ఆమె అరుస్తుంది, మేం పరిగెడతాం. పిల్లలు బతుకుతున్నాయి" అంది. అని మళ్లీ నెమరు వేసుకుంది.

"సిగ్గులేని జాతి" అంది చింతమ్మ.

ఇక రేగి సంగతి చెప్పాలి. పాలు పూర్తిగా మానేసింది. చిటారు కొమ్మల దాకా ఎక్కుతోంది. ఒక పొద్దున అంత ఎత్తు నించి గంతులేస్తూ, "అమ్మా! అమ్మోయ్! అదుగో, నెమలి! పురి విప్పింది, రండి రండి!" అని అరిచింది.

బండ మీద పేలు చూస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. చింతమ్మ మెల్లగా తల తిప్పి, కోడలి మొహంలోకి చూసింది.

"పిల్ల గొంతు బాగా లేచిందే తునికీ. ఇప్పమ్మ పోలిక ఎక్కడిది దానికి?" అంది.

తునికమ్మ గబగబా పైకెక్కి పిల్ల చెవి మెలిపెట్టింది. ఎర్రగా కందేలా మెలిపెట్టింది.

"నువ్వూ బరితెగిస్తావా?"

రేగి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనేం చేశానమ్మా? నెమలి..."

"ఆడపిల్ల గొంతు పక్క కొమ్మకి వినబడకూడదు. చెప్పేదేదన్నా ఉంటే దిగి, దగ్గరికొచ్చి, చెవిలో చెప్పాలి. తెలిసిందా?"

"ఏదైనా చెవిలోనేనా?"

"ఏదైనా."

"మరి బరితెగించడమంటే అదేనా? వినబడటమా?"

"అదే" అంది తునికమ్మ. పిల్ల మూడుసార్లు అడిగితే మూడు అర్థాలు చెప్పింది. అసలు అర్థం ఒక్కసారీ చెప్పలేదు.

రేగి తెలివైన పిల్ల. ఒక్కసారి చెప్తే పట్టేసుకునేది. అప్పట్నించీ ఆకలేస్తే చెవిలో చెప్పేది. ముల్లు గుచ్చుకుంటే చెవిలో ఏడ్చేది. బండ మీద ఆడాళ్లు చూసి, "ఎంత మర్యాదైన పిల్లే!" అని మెచ్చుకునేవాళ్లు. చింతమ్మ దాన్ని పిలిచి తన తల చూడమంది. అంత చిన్నపిల్లకి అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. తునికమ్మ పొంగిపోయింది.

ఆకు రాలే కాలం వచ్చింది. చెట్లన్నీ బోడి అయ్యాయి. ఒక పొద్దున మంద ఎప్పట్లాగే చౌడుగుంటలోకి దిగింది. మద్దయ్య కావలి కొమ్మ మీద కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. అవి తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. రేగి మాత్రం కిందికి రాకుండా ఒక ఎత్తైన కొమ్మ మీద లేత చిగురు వెతుక్కుంటోంది.

అక్కణ్ణించి చూసింది.

గట్టుకి ఇవతల, ఎండుగడ్డిలో, గడ్డి రంగులోనే కలిసిపోయి చిరుత. పొట్ట నేలకి ఆనించి పాకుతోంది. దాని కళ్లు గుంటలో ఉన్న వీపుల మీద ఉన్నాయి. అన్నిటికంటే దగ్గరగా ఉన్న వీపు తునికమ్మది.

రేగి నోరు తెరిచింది. గొంతు దాకా వచ్చింది అరుపు.

కింద నాయనమ్మ కనబడింది. ఆమె చుట్టూ ఆడాళ్లందరూ కనబడ్డారు. మెలిపెట్టిన చెవి గుర్తొచ్చింది.

రేగి నోరు మూసుకుంది. తల్లి నేర్పినట్టే చేసింది. చప్పుడు కాకుండా చెట్టు దిగింది. నేల మీద కాళ్లు పెట్టింది. పరిగెత్తితే కూడా ఏమన్నా అంటారేమోనని గబగబా నడిచింది. తల్లి దగ్గరికొచ్చి, భుజం మీద చిన్న చెయ్యి వేసి, చెవి దగ్గర మూతి పెట్టింది.

"అమ్మా" అంది, ఊపిరంత సన్నగా. "చిరు..."

మాట పూర్తి కాలేదు. తునికమ్మ భుజం మీద చెయ్యి లేదు.

ఆమె వెనక్కి తిరిగేసరికి దుమ్ము, చుక్కల చర్మం, వేలాడుతున్న చిన్న తోక కనబడ్డాయి. అంతే. వాగవతల నించి ఇప్పమ్మ అరుపు అప్పుడు వినబడింది. "ఖ్ఖక్! ఖ్ఖక్!" అని గొంతు చీలిపోయేలా అరుస్తోంది. ఆమెకి అక్కణ్ణించి కనబడేసరికే ఆలస్యమైపోయింది.

మంద అంతా చెట్లెక్కేసింది. కాసేపటికి ఒకతె అంది, "పిల్ల పైనే ఉంది కదా! అక్కణ్ణించి చూసే ఉంటుంది. అరవచ్చు కదా!"

చింతమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎంత పద్ధతైన పిల్లమ్మా! ప్రాణం మీదికొచ్చినా గొంతెత్తలేదు. మంద పరువు నిలబెట్టింది" అంది.

ఆ మాట తునికమ్మ చెవిన పడింది.

ఆమె ఏడవలేదు. దిగింది. గుంట దాటింది. కావలి చెట్టెక్కింది. మద్దయ్య పక్కనే కావలి కొమ్మ మీద నిలబడి అరిచింది. అది మాట కాదు, చిరుతొచ్చినప్పుడు మగాడు అరిచే అరుపు. ఎప్పుడో అరవవలసిన అరుపు. "ఖ్ఖక్! ఖ్ఖక్! ఖ్ఖక్!" అని ఆగకుండా అరిచింది. కొండ కొండకీ వినబడేలా అరిచింది.

"తునికీ! దిగు! నీకేమన్నా పిచ్చా? నువ్వు కూడా బరితెగించావా?" అని చింతమ్మ కేకేసింది.

తునికమ్మ ఆగింది. కిందికి చూసింది.

"తెగించాను అత్తా. ఈ మాట మొదట ఎవరిని అన్నారో గుర్తుందా? కడుపున పుట్టినదాన్ని చిరుత తిరిగే చోట చెట్టు కింద పారేసినదాన్ని. ఇన్నాళ్లూ ఎవరెవరినో అన్నాం. ఇప్పమ్మని అన్నాం. నవ్వినదాన్ని అన్నాం, దాహమేసినదాన్ని అన్నాం. వాళ్లెవరికీ అది అతకదు. ఇవాళ నాకు అతుకుతుంది. అను. గట్టిగా అను."

ఎవరూ అనలేదు.

"ఇంకోటి కూడా వినండి. ఈయనకి కళ్లు కనబడవు. ఎప్పట్నించో కనబడవు. ఇప్పమ్మ అరిచిన రోజుకే కనబడవు. ఆ సంగతి కప్పడానికే దాన్ని ఆ మాట అన్నాను."

అంతా గొల్లుమంటారనుకుంది. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒకతె తోక సర్దుకుంది. ఒకతె బిడ్డని దగ్గరికి లాక్కుంది. చింతమ్మ ఎక్కడో చూస్తోంది. అప్పుడు అర్థమైంది తునికమ్మకి. అందరికీ తెలుసు. మొదట్నించీ తెలుసు. ఎవరి భయం కొద్దీ వాళ్లు మద్దయ్య వైపు చూడకుండా ఉండటానికి ఇప్పమ్మ వైపు చూశారు.

మద్దయ్య తడుముకుంటూ చెట్టు దిగాడు. తునికమ్మ ఆయనకి చెయ్యి అందించలేదు, ఆయన అడగలేదు.

ఆ పూటే ఆమె వాగు దాటింది. ఇప్పమ్మ చెట్టు మీద నించి దిగలేదు, కళ్లు గడ్డి మీద నించి తిప్పలేదు.

"ఏడవడానికొచ్చావా, చూడ్డానికొచ్చావా?" అని అడిగింది.

"చూడ్డానికే."

"అయితే అటు పక్క కొమ్మ ఎక్కు. ఇటు నేను చూసుకుంటా."

తునికమ్మ ఎక్కబోయి ఆగింది. "నీ వీపు మీద పిడుదులున్నాయి. తీస్తా, ఇటు తిరుగు" అంది.

"ఇప్పుడొద్దు. పొద్దు వాలుతోంది, చిరుత తిరిగే వేళ" అంది ఇప్పమ్మ.

తునికమ్మ అటు పక్క కొమ్మ ఎక్కింది. ఒక పక్క దుప్పులు, ఒక పక్క తన మంద. రెండు పక్కలకీ కనబడేంత ఎత్తు. ఆ రోజు నించీ ఆమె ప్రాణం పోయేదాకా ఆ అడవిలో ఎటు గడ్డి కదిలినా, అవతలి కొండ మీద ఆ గుంపు కదిలినా అరిచింది. ఇవతలి గట్టు మీద కొండముచ్చులు ఆ గొంతు విని చెట్లెక్కేవి. ఎక్కాక కొన్ని ఇంకా ఆ మాట అనేవి. బతికి ఉన్నాయి కాబట్టి అనేవి.

నీతి: "బరితెగించింది" అని ఎవరన్నా వేలు చూపిస్తే ఆ వేలు చూపించిన వైపు చూడకండి, ఆ మాట వెనకాల ఎవరి తప్పు దాక్కుందో అటు చూడండి, మీ ఆడపిల్లకి గొంతెత్తడం తప్పని నేర్పితే, ప్రాణం మీదికొచ్చిన రోజు కూడా ఆ గొంతు లేవదు.